ఖాళీ సీసా

దండెం మీద రెండు చొక్కాలు ఉన్నాయి. ఇస్త్రీ చేసినదాన్ని వదిలేసి, ఉతికి ఉతికి రంగు వెలిసిపోయిన నూలు చొక్కా తీసి దులిపి తొడుక్కున్నాడు డ్రైవరు. తలకు నూనె రాసుకోలేదు. స్నానం కూడా ఉత్త నీళ్లతోనే అయిందనిపించాడు. గడ్డం గీసుకున్నాక క్రీము డబ్బా వైపు అలవాటుగా వెళ్లిన చెయ్యి సగంలో ఆగి వెనక్కి వచ్చింది.

“ఇవాళ వంతెన రోజు కదూ,” అంది భార్య వంటగది గుమ్మంలోంచి. “మీ జుట్టు చూస్తేనే తెలుస్తోంది. కొబ్బరి పీచులా లేచి నిలబడింది.”

“నా ఒంటి మీద ఏ క్రీమూ, ఏ సెంటూ ఉండకూడదే. పైవాళ్ల ఆర్డరు.”

“ఉంటే మాత్రం ఈ వయసులో మిమ్మల్ని వాసన చూసేదెవరు?” అంటూ రొట్టెల పళ్లెం ముందుకు తోసింది. “ఆ చొక్కా భుజం దగ్గర చిరుగుతోంది. కొత్తది కొనుక్కోమంటే వినరు.”

“కొత్త బట్టలో మందులు ఉంటాయట. ప్రాణం పోయిన బట్టే కావాలి వాళ్లకి.”

“అయితే ఇంకేం, మీకు సరిగ్గా సరిపోయింది,” అంది. అతను నవ్వి, తిన్న చెయ్యి రెండుసార్లు కడుక్కుని బయటపడ్డాడు.

చెప్పుకోదగ్గ మనిషేమీ కాదు. చిన్నప్పుడు చదువు అబ్బలేదు, స్టీరింగు అబ్బింది. పాల వ్యాను నడిపాడు, బడి బస్సు నడిపాడు, కొన్నాళ్లు ఆసుపత్రి బండి నడిపాడు. ఎక్కినవాళ్లెవరూ దిగాక అతని ముఖం గుర్తుపెట్టుకోలేదు. ఆఫీసు గ్రూపు ఫొటోలో చివర నిలబడతాడు, ఫొటో తీసేవాడు సగం కోసేస్తాడు. అందుకు అతనికి కోపమూ లేదు. ఆఖరికి ఈ ల్యాబులో కుదురుకున్నాడు. చల్లపెట్టెలో సీసాలు పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు కాబట్టి అందరూ అతన్ని పెట్టె బాబాయి అంటారు.

ఆ ఊరి పక్కనే ఏరుంది. ఏటికి ఇవతల ఈ దేశం, అవతల ఇంకో దేశం. రెండు ఒడ్డుల మీదా పాత ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటిలోంచి ఎప్పుడో దిగిన విషాలు ఏళ్లు గడిచినా కుళ్లవు, కరగవు. బురదలోంచి చేపలోకి, చేపలోంచి మనిషిలోకి, తల్లి నుంచి చనుబాలలోకి నింపాదిగా నడుచుకుంటూ పోతాయి. ఈ పాపం మీదంటే మీదని రెండు ప్రభుత్వాలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. కొట్టుకుని అలిసిపోయి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాయి. ఎవరి ఒడ్డున వాళ్లు బురద, చేపలు, జనం రక్తం, తల్లుల పాలు పోగుచేయాలి. ప్రతిదాన్నీ రెండు సగాలు చేసి, ఒక సగం తమ దగ్గర ఉంచుకుని, రెండో సగం అవతలివాళ్లకు ఇవ్వాలి. రెండు ల్యాబుల లెక్కలూ ఒకటే రావాలి. ఒకరి మాట ఒకరు నమ్మరు కాబట్టి కుదిరిన స్నేహం అది. అయినా స్నేహం స్నేహమే, ఇన్నాళ్లూ బాగానే నిలబడింది.

ఆ సగాలు చేతులు మారేది వంతెన నడిమధ్యన, నెలకోసారి. అక్కడ రోడ్డు మీద ఒక తెల్లగీత ఉంటుంది. ఇటు బండి అటు పోదు, అటుది ఇటు రాదు.

ల్యాబులో ఆ పొద్దున పెట్టె సర్ది ఇచ్చింది ల్యాబు మేడమ్. వయసులో అతని కూతురంత ఉంటుంది. మంచు ముక్కల మధ్య సీసాలన్నీ నిలబెట్టి, చివరగా ఒక సీసాను విడిగా అరలో పెట్టింది. దాన్ని అక్కడ ఖాళీ సీసా అంటారు. నిజానికి అందులో నీళ్లు ఉంటాయి. ఏ విషమూ లేదని తేల్చిన నీళ్లు. వంతెన మధ్య దాని మూత కాసేపు తీసి, మళ్లీ బిగించి, మిగతావాటితో పాటు పంపాలి. ఆ నీళ్లలో తర్వాత ఏమైనా కనబడిందంటే అది ఏటిది కాదు, పెట్టె మోసిన చేతులది. అప్పుడు ఆ పెట్టెలో ఉన్న ఏ సీసానూ నమ్మడానికి వీల్లేదు.

పోయిన నెల ఖాళీ సీసాలో విషం కనబడింది.

“బాబాయ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి,” అంది మేడమ్. “పోయినసారి వంతెన మీద ఏమైనా తిన్నారా?”

“లేదమ్మా.”

మాట అలా జారిపోయింది. ఆలోచించి చెప్పింది కాదు.

“రెయిన్‌కోటు వేసుకోలేదుగా? దాని పూతలోనూ ఆ విషం ఉంటుంది.”

“లేదమ్మా. తడిసి ముద్దయి వచ్చాను, మీరే చూశారు.”

“అవును,” అందామె అలిసిపోయిన గొంతుతో. “ఆ సీసాలో దొరికింది నూనె అంటని కాగితాల్లో ఉండే రకం. తినుబండారాలు చుట్టి ఇస్తారే, అది. అవతలివాళ్లేమో మీ చెయ్యే అంటున్నారు, మనవాళ్లు వాళ్ల చెయ్యే అంటున్నారు. రేపు మీటింగు. ఎవరిదో తేలకపోతే ఒప్పందమే రద్దు చేసేలా ఉన్నారు.”

“తేలితే?”

“తేలితే ఆ పెట్టె ఒక్కటే పోతుంది. ఆ మనిషిని మారుస్తారు. పని సాగుతుంది.” పెట్టె మూత బిగిస్తూ ఆమె మళ్లీ అంది. “పోయిన పెట్టె నిండా తల్లుల పాలే బాబాయ్. మన దగ్గరి సగం ఒక్కటే లెక్కకు చెల్లదు. మళ్లీ అడుగుదామంటే ఈపాటికి చాలామంది పిల్లలు పాలు మానేసి ఉంటారు.”

ఆ పాలు ఇల్లిల్లూ తిరిగి తెచ్చింది అతనే. నర్సు లోపలికి వెళ్లేది, అతను గుమ్మం దగ్గర పెట్టె పట్టుకుని నిలబడేవాడు. ఒక ఇంట్లో పసిబిడ్డ ఒకటే ఏడుపు. నర్సు మొహమాటపడి, పోనీ ఇంకోసారి వస్తామంటే ఆ తల్లి ఒప్పుకోలేదు. “తీసుకోండమ్మా. దీనికి ఇది పట్టొచ్చో లేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా,” అంది. సీసా పెట్టెలో పెట్టేటప్పుడు ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. మేడమ్‌ను పిలిచి చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఒక్కడే చెబితే ఎలా, ఆ చెయ్యి తనదొక్కడిదే కాదాయె. బావను అడగాలి. ఇద్దరం కలిసి చెబుదాం అనుకుని బండి తీశాడు.

బావ అంటే అవతలి డ్రైవరు. చుట్టరికం ఏమీ లేదు. మొదట్లో ఇద్దరూ సంతకాలు పెట్టి, పెట్టెలు మార్చుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా వెళ్లిపోయేవాళ్లు. ఒక ఎండాకాలం అవతలాయన నుదురు తుడుచుకుంటూ, “మీ వైపు కూడా ఇలాగే మాడుతోందా, లేక మాకే ప్రత్యేకమా?” అన్నాడు. “మా ఎండ మేమే వాడుకుంటాం, మీకు సగం ఇవ్వం,” అన్నాడు ఇతను. ఆయన పగలబడి నవ్వాడు. నీ చెల్లెల్ని ఇస్తానంటే ఈ గీత దాటి వస్తానని ఒకరు, మీ చేపలకు ముళ్లెక్కువ, మీ పిల్లకు ఇంకెన్ని ముళ్లుంటాయోనని ఇంకొకరు. అలా అలా బావా అంటే బావా అయింది. ఇద్దరికీ పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారని ఇద్దరికీ తెలుసు, అయినా ఆ వేళాకోళం ఆగలేదు.

అవతలాయన తమ్ముడికి బేకరీ ఉంది. ప్రతిసారీ వేడి వేడి బన్నులు కాగితంలో చుట్టి తెచ్చేవాడు. సీసా మూసి, పెట్టెలు మార్చుకున్నాకనే తినేవాళ్లు. గీతకు ఇటు ఒకరు, అటు ఒకరు, పిట్టగోడకు ఆనుకుని. ఏళ్ల తరబడి అలాగే జరిగింది, ఎప్పుడూ తేడా రాలేదు. ఇంట్లో భార్యతో చెప్పనివి, ఆఫీసులో ఎవరూ అడగనివి, అన్నీ ఆ గోడ దగ్గరే చెప్పుకునేవాడు. నెలంతా అతను మోసేది ఆ కాసేపటి కోసమే అంటే అబద్ధం కాదు.

పోయిన నెల వాన. అవతలి ఆఫీసునుంచి రావలసిన అనుమతి ఆలస్యమైంది. ఇద్దరూ వంతెన స్తంభం చాటున నిలబడి తడుస్తున్నారు. “చల్లారిపోతున్నాయి బావా, తినేద్దాం. ఊరికే నిలబడే బదులు,” అన్నాడు ఆయన. ముందు వద్దన్నాడు ఇతను. వాసనకు నోరూరింది, చెయ్యి చాచాడు. తిని, కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. అంతలో అనుమతి వచ్చింది. హడావిడిగా అవే చేతులతో గ్లౌజులు తొడుక్కున్నారు. సీసా పట్టుకున్నది ఇతను. మూత తిప్పింది ఆయన.

వంతెన మొదట్లో కాపలావాడు గేటు ఎత్తాడు. బండి నెమ్మదిగా పోనిచ్చాడు. కింద ఏరు బురదరంగులో, ఏమీ ఎరగనట్టు పారుతోంది. అవతలి బండి అప్పటికే వచ్చి ఆగి ఉంది. బావకు చెప్పాల్సిన మాటలు లోపల వరసగా పేర్చుకుంటూ దిగాడు.

అవతలి బండిలోంచి దిగింది బావ కాదు. చేతికి గడియారం, గట్టిగా ఇన్‌షర్టు చేసిన మనిషి. ఎడమ చేతిలో ఒక స్టీలు డబ్బా ఉంది, గీత దగ్గరికి వచ్చి, దాన్ని చెయ్యి చాచి ఇవతలి పిట్టగోడ మీద పెట్టి నిలబడ్డాడు.

“పాతాయన రాలేదా?” అన్నాడు ఇతను.

“ఇకనుంచి నేనే. ముందు పని కానిద్దామండీ.”

కానిచ్చారు. కొత్త గ్లౌజుల పొట్లం విప్పి తొడుక్కున్నారు. సీసా ఇతను పట్టుకున్నాడు, మూత ఆయన తిప్పాడు. గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. ఇదే సమయానికి బావ ఏదో ఒక కూత కూసేవాడు, ఇతను సీసా కదలకుండా నవ్వాపుకోవడానికి అవస్థ పడేవాడు. ఇప్పుడు సీసా కదలలేదు. మూత బిగించారు, థర్మామీటరు చూశారు, సంతకాలు పెట్టారు, పెట్టెలు చేతులు మారాయి.

“ఆయన్ని పనిలోంచి తీసేశారండీ,” అన్నాడు కొత్తాయన అప్పుడు, గ్లౌజులు విప్పుతూ. “నిన్న తనే వెళ్లి చెప్పేశాడు. వానలో బన్ను తిని, ఆ చేత్తోనే మూత తీశానని. మావాళ్లు ఇవాళ మీవాళ్లకి కబురు చేస్తారు. ఇక గొడవ లేదు, పని ఆగదు.”

డ్రైవరు తన గ్లౌజులు విప్పి మడిచాడు.

“మీరు వద్దన్నా వినకుండా తనొక్కడే తిన్నాడట కదా?”

కొత్తాయన గొంతులో అనుమానం ఏమీ లేదు. ఊరికే అడిగాడు. ఇప్పుడు చెప్పేస్తే సరిపోయేది. ఇద్దరం తిన్నాం, సీసా పట్టుకున్న చెయ్యి నాది అంటే అయిపోయేది. చెబితే బావ నిన్న చెప్పింది అబద్ధమని తేలుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. చెప్పకపోతే బావ ఒక్కడే దోషి. ఈ రెండిటి మధ్యా అతను కాసేపు నలిగాడు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలంటే, అతని నోరు మూసింది ఆ ఆలోచనలేవీ కావు, భయం. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారన్న భయం.

“ఊఁ,” అన్నాడు.

“నేనూ అదే అనుకున్నాను.” కొత్తాయన గోడ మీది డబ్బా వైపు చూపించాడు. “అది మీకిమ్మన్నాడండీ. అన్నీ అయ్యాకే ఇవ్వాలి, ముందు ఇచ్చావో తంతానన్నాడు. మధ్యలో కాగితం ముక్క కూడా లేదు, స్టీలే, భయపడొద్దని చెప్పమన్నాడు.” అని డబ్బా వైపు మళ్లీ చూశాడు. “మీరు తినరన్నాడు, మళ్లీ ఇది పంపాడు. మీ ఇద్దరికీ బాగా స్నేహమా?”

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు అతని కనుబొమలు కొంచెం దగ్గరయ్యాయి. అంతే. ఆపాటి దానికే డ్రైవరు బెదిరిపోయాడు.

“అబ్బే. స్నేహం ఏముందండీ, నెలకోసారి చూడటమే.”

“మరి ఇది?”

“ఎవరికో ఇవ్వమని ఉంటాడు. మీరు పొరపాటుగా విని ఉంటారు. నాకు కాదు.”

కొత్తాయన భుజాలు ఎగరేశాడు. ఇకమీదట బండిలో తిండి పెట్టడానికి వీల్లేదని పొద్దునే గట్టిగా చెప్పారట. ఇచ్చేసి వెళ్లిపోదామని ఈ ఒక్కసారికి తెచ్చాడు, వెనక్కి మోసుకెళ్లడం తనవల్ల కాదన్నాడు. పెట్టె ఎక్కించుకుని బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

డ్రైవరు కూడా పెట్టె లోపల పెట్టి, పట్టీ బిగించి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోతున్నట్టుంది. దిగి వెళ్లి తెచ్చుకుంటే అడ్డుకునేవాడు ఎవడూ లేడు అక్కడ, ఇవతలి గేటు దగ్గర కాపలావాడు తప్ప. వాడు ఇటే చూస్తున్నాడు. మంచు కరిగేలోపు పెట్టె ల్యాబుకు అందాలి. బావ ఇల్లు ఎక్కడో తెలియదు, అసలు పేరు కూడా తెలియదు, తెలిసినా ఆ గీత దాటి ఎలా వెళ్లాలో తెలియదు. బండి కదిలింది. కళ్లు మసకబారితే భుజం దగ్గర చిరిగిన చొక్కాతోనే తుడుచుకుని, గేటు దాటేటప్పుడు కాపలావాడికి ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు.

వంతెన మీద ఇక ఎవరూ లేరు. పిట్టగోడ మీద, తెల్లగీతకు కాస్త ఇవతలగా, స్టీలు డబ్బా ఎండలో మెరుస్తోంది. లోపలి బన్నుల వేడికి మూత అంచున ఇంకా చెమ్మ పడుతూనే ఉంది.