ఇద్దరి కోటు

నేను ఒక చలికోటును. ముదురు నీలం రంగు, మోకాళ్లు దాటే పొడవు, మెడ చుట్టూ దళసరి కాలరు. పోలండ్‌లో ఉన్నిమిల్లుల ఊరొకదాంట్లో పుట్టాను. నన్ను కుట్టినావిడ చివరి గుండీ బిగించి, ఇది మనందరి కంటే ఎక్కువకాలం బతుకుతుందని పక్కనున్నావిడతో అంది. మనుషులు తమ గురించి చెప్పుకోలేని మాటలు బట్టల గురించి ధైర్యంగా చెప్పేస్తారు.

ఆమె అన్న మాట నిజమైంది. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరంలో పియానో నేర్పే ఒక ముసలావిడ నన్ను తొడుక్కుంది. ఆమె పోయాక ఆమె మేనల్లుడు పియానో తీసుకుని, నన్ను పాతబట్టల దుకాణంలో పడేశాడు. అక్కడ నన్ను చూసినవాళ్లు ఇద్దరమ్మాయిలు. చీరాల నుంచి వచ్చిన హెప్సిబా, జగిత్యాల నుంచి వచ్చిన నాగవేణి. నీటిశుద్ధి ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఒకే గదిలో దిగారు. ఊరి నుంచి తెచ్చుకున్న స్వెట్టర్లు ఇక్కడి చలికి చాలవని వాళ్లకు మొదటి వారంలోనే అర్థమైంది.

"నాకు చేతులు పొట్టిగున్నయే," అంది వేణి నన్ను తొడుక్కుని.

"నాకైతే దుప్పటి కప్పుకున్నట్టుంది," అంది హెప్సిబా.

ఇద్దరికీ సరిపోని నన్నే ఇద్దరికీ కలిపి కొనుక్కున్నారు. పొద్దున క్లాసులకు హెప్సిబా నన్ను తొడుక్కునేది. సాయంత్రం వేణి వేసుకుని, రొట్టెల కార్ఖానాలో పనికి వెళ్లేది. ఒకరు విడిచిన వెచ్చదనం చల్లారకముందే రెండోవాళ్లు నాలో దూరేవారు. ఒకే కాలరు మీద కొబ్బరినూనె వాసన, ఈస్టు వాసన రెండూ చేరాయి. ట్రాములో జనం కాస్త ఎడంగా జరిగి కూర్చునేవారు. హెప్సిబా సిగ్గుపడేది. వేణి మాత్రం, "మంచిగనే ఉంది, సీటు దొరికింది," అనేది.

చదువు అయిపోయింది. ఉద్యోగం వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చిన గడువు కరిగిపోతోంది; అది దాటితే ఇంటిదారి పట్టాల్సిందే. వేణిది ముందుగా ముగుస్తుంది, హెప్సిబాకు ఇంకో నాలుగు నెలలు ఎక్కువ. ఆ సమయంలో ఒక చిన్న కంపెనీ ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఖాళీ ఒక్కటే. హెప్సిబాకు జ్వరమని ఆ రోజు నన్ను ఆమెకే వదిలేసి, వేణి రెండు స్వెట్టర్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని వచ్చింది.

వారం తర్వాత హెప్సిబాకు ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఆమెదేనట. ఆమె కాదంటే తర్వాతి పేరు నాగవేణిదని కూడా ఫోన్ చేసిన ఆఫీసరమ్మ చెప్పింది. ఫోన్ పెట్టేశాక హెప్సిబా నన్ను విప్పకుండానే వంటగదిలో వేణి కోసం చూస్తూ నిలబడింది. గుండె నా లోపలి అస్తరు గుడ్డకు తగిలి కొట్టుకుంటోంది.

వేణి రాగానే హెప్సిబా అంతా చెప్పేసింది. "నేను వద్దంటానే. నీకు టైం లేదు కదా. నేను ఇంకోటి చూసుకుంటాను."

వేణి పొయ్యి మీంచి పాలు దించుతూ, వెనక్కి తిరగకుండానే అంది. "నువ్వు గిట్ల దానం జేస్తే జిందగీల నీ మొకం సూడలేను. తీస్కో."

"నిజంగానేనా?"

"చెప్పిన గద."

ఆ తర్వాతి సోమవారం హెప్సిబా ఒప్పంద పత్రాల మీద సంతకం పెట్టింది.

మార్చిలో వేణి వెళ్లిపోయింది. స్టేషన్‌లో వాన, మంచు కలిసి పడుతున్నాయి. హెప్సిబా నన్ను విప్పి ఆమె భుజాల మీద వేయబోయింది. వేణి తోసేసింది. "జగిత్యాల ఎండలల్ల దీన్ని ఏం జేస్కోవాలె? బర్రెకు కప్పాల్నా?" అని నవ్వింది. రైలు కదిలాక ఆ నవ్వు ఏమైందో నాకు తెలియదు. హెప్సిబా మాత్రం నా కాలరులో ముఖం దాచుకుని ప్లాట్‌ఫారం మీదే కూలబడింది.

ఏళ్లు గడిచాయి. హెప్సిబాకు కొత్త కోటు వచ్చింది, సొంత ఫ్లాటు వచ్చింది, జర్మన్ భాషలో జోకులు వేయడం వచ్చింది. నన్ను అలమారలో వెనక్కి నెట్టింది గానీ పారేయలేదు. వేణి కరీంనగర్‌లో నీళ్ల ప్లాంటులో చేరిందని, పెళ్లయిందని ఫోన్ మాటల వల్ల నాకు తెలిసింది. రానురాను ఆ మాటలు పండగ శుభాకాంక్షలకు దిగాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

చివరికి హెప్సిబా ఆ దేశపు పౌరురాలైంది. భారత పాస్‌పోర్టు అప్పగించి వచ్చిన రోజు, బూట్లయినా విప్పకుండా అలమార ముందు కూర్చుండిపోయింది.

కొన్నాళ్లకు నగర మ్యూజియం వాళ్లు కబురు పెట్టారు. బయటి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల వస్తువులతో ప్రదర్శన పెడుతున్నారట. హెప్సిబా నన్ను ఉతికించి తీసుకెళ్లింది. అద్దాల పెట్టెలో నిలబడబోతున్నానని నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం.

"పక్కన రెండు పేర్లు రాయాలి," అంది హెప్సిబా. "ఈ కోటు మా ఇద్దరిదీ."

ప్రదర్శన చూసుకునే యువకుడు మర్యాదగా అడిగాడు. "ఆమె ఏ పేటలో ఉంటారు?"

"ఇక్కడ లేదు. వెళ్లిపోయింది."

"అయితే కుదరదండీ. ఇది స్థిరపడినవాళ్ల ప్రదర్శన."

హెప్సిబా బల్ల మీది నుంచి నన్ను తీసి తొడుక్కుని, అన్ని గుండీలూ పెట్టుకుంది. అది జూన్ నెల, ఎండ మండిపోతోంది. వీధిలో పిల్లలు వేలు పెట్టి చూపిస్తున్నా అలాగే నది ఒడ్డు దాకా నడిచి, ఒక బెంచీ మీద కూర్చుని ఫోన్ చేసింది.

"ఎవలు?"

"నేనే. హెప్సిబాని."

అటువైపు మోటార్ల హోరు. ఆ హోరు దూరమయ్యేదాకా వేణి నడిచినట్టుంది.

"ఏందే, ఇన్నేండ్లకు?"

"నాకు ఇక్కడి పాస్‌పోర్టు వచ్చింది వేణీ."

"సంబురమే," అంది వేణి. అంతలోనే మాట మార్చి, "లేదు. అబద్ధమెందుకు. నాకు సంబురమైతలేదు," అంది.

హెప్సిబా నా అంచును గట్టిగా పిడికిట పట్టుకుంది.

"ఆ దినం వద్దన్న గనీ, ఇంకొక్కసారి అడుగుతవేమోనని చూసినే. సోమవారం దాక చూసిన. నువ్వు అడగలే."

"అడగలేదు," అంది హెప్సిబా. "నువ్వు ఒప్పుకుంటావేమోనని భయమేసింది."

నదిలో ఒక పడవ వెళ్లిపోయింది. హెప్సిబా వీపు మీది చెమట నా అస్తరులోకి దిగుతోంది.

"నా కోపం పోలేదే," అంది వేణి చివరికి. "పోతదేమోనని చూసిన, పోలే. అయినా నువ్వు ఫోన్ జేయకుంట ఉండకు. ఇప్పుడు డ్యూటీల ఉన్న. ఐతారం చెయ్."

కోపం పోలేదన్న మాట విని ఒక మనిషి అంత నిండుగా ఊపిరి తీసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

నేను మ్యూజియానికి వెళ్లలేదు. హెప్సిబా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్నాను. ఆదివారాలు వాళ్లు మాట్లాడుకుంటారు. ఒక్కోసారి గట్టిగా పోట్లాడుకుంటారు, ఎవరో ఒకరు ఠక్కున ఫోన్ పెట్టేస్తారు. పై ఆదివారం మళ్లీ మోగుతుంది.