అంచు లేని ఆకులు

"వచ్చే వారం మన గేటుకి ఇత్తడి పలక బిగిస్తారట. గేటు కాస్త తోమించు," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా. తోమించడమంటే నేను తోమడమే. ఈ ఇంట్లో నాకు చెప్పే పనులన్నీ ఇంకెవరో చేసిపెడతారన్నట్టే ఉంటాయి.

మాది ఊరి నడిబొడ్డున, డబ్బున్నవాళ్ల పేట. ఒకప్పుడు పేరుమోసినవాళ్లు కాపురమున్న ఇళ్లకి పేట సంఘం వరసగా పలకలు పెట్టిస్తోంది. ఎదురింటికి జడ్జిగారి పేరు, మూలింటికి సర్జన్‌గారి పేరు వచ్చేశాయి. పేటంతా తిరిగినా ఆడపేరు ఒక్కటి కనపడదు. ఆ మహానుభావులందరికీ వేళకి భోజనం ఆకాశంలోంచి ఊడిపడేది కాబోలు. ఇప్పుడు వంతు మా మామగారిది. నగరంలోని చెట్ల మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ కాలేజీల్లో చదువుతున్నారు.

అందులో రెండొందల ఆకుల బొమ్మలున్నాయి. అన్నీ మా అత్తయ్య గీసినవే. కూరలు తరిగే చెక్క పక్కకి జరిపి, వంటగది బల్ల మీదే, ఆకు వాడిపోయేలోగా గబగబా గీసేది. ఎవరో ఒకరు పిలిచేవాళ్లు. పెన్సిలు పెట్టేసి వెళ్లేది. తిరిగొచ్చేసరికి ఆకు ముడుచుకుపోయేది. అందుకే చాలా ఆకులకి ఒక పక్క అంచు ఉండదు. పురుగు కొట్టిన ఆకుని కూడా ఉన్నదున్నట్టు చూపించారని పండితులు మామగారిని తెగ మెచ్చుకున్నారు. ఆయన కాదనలేదు.

అచ్చుకి పంపేముందు, చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని కాగితాలు నింపింది నేను. నా చేతిరాత బావుంటుందని. 'చిత్రాలు' అన్నచోట కలం ఆగింది. "ఇంట్లో వేసినవేగా, నా పేరే రాసెయ్యమ్మా," అన్నారు మామగారు. రాసేశాను. అత్తయ్య నా భుజం మీదుగా చూసి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా," అంది. అంతే. ఆ మాట ముప్పై ఏళ్లుగా నన్ను తినేస్తోంది. ఆవిడ బతికుండగా తప్పయిపోయింది అత్తయ్యా అని ఒక్కసారైనా అనలేకపోయాను. నా నోరేమైంది?

పలక మీది మాటలు రాసే పనీ నాకే పడింది. "అత్తయ్య పేరు కూడా వేయిద్దామా?" అని అడిగాను. మా ఆయన నవ్వారు. "అమ్మేం చేసిందని? ఏదో సరదాకి బొమ్మలు గీసుకునేది. నువ్వు రాసివ్వు, సంతకం పెడతా." చదవకుండానే పెట్టారు. నేనిచ్చిన కాగితం ఆయన ఏనాడు చదివారు గనక.

పలకలు చెక్కే పెద్దాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చూశాడు. పై వరసలో అత్తయ్య పేరు, పక్కన 'చిత్రకారిణి' అని. కింద మామగారి పేరు.

"సారుకి తెలుసా అమ్మా?"

"సంతకం ఆయనదే."

మూలన చెక్కమని అత్తయ్య చేత్తో గీసిన ఆకు బొమ్మ ఒకటి ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఈ పక్క అంచు లేదేంటమ్మా? నేను కలిపేస్తాలెండి, చూడ్డానికి బావుంటుంది."

"కలపకండి," అన్నాను. "పాప ఏడుస్తోంది, రండి అత్తయ్యా అని అక్కడ పిలిచింది నేనే."