మేస్త్రీ పెట్టె

పనికి బయలుదేరిన మనిషిని ‘యాడికి?’ అని అడగకూడదు. అడిగితే పోయిన పని చెడుతుందని మనవాళ్ళలో తెలియనిదెవరికి? కుప్పమ్మకు ఇంకా బాగా తెలుసు. మొగుడు అంకప్ప తాపీ పెట్టె భుజానేసుకుని గడప దాటే వేళ ఆమె ఒక్కనాడూ ఆ మాట అనలేదు. మజ్జిగ చెంబు చేతికిచ్చి పక్కకు తప్పుకునేది. సత్తువాచారిలో ఏ వీధికి పోయినా అంకప్ప మేస్త్రీ చెయ్యి పడిన గోడ ఒకటి కనబడుతుందంటే అందులో ఆ మజ్జిగ వాటా కూడా కొంత ఉందనే ఆమె నమ్మకం.

పరంజా మీదినుంచి పడి అంకప్ప మోకాలు చెడ్డాక అంతా తలకిందులైంది. ఇప్పుడు ఇసుక, కంకర తట్టలు మోసి ఇల్లు నడుపుతున్నది కుప్పమ్మే. అంకప్ప చెప్పులు తొడుక్కోవడం ఆలస్యం, “యాడికి?” అంటుంది. టీ కొట్టుకు పోయే మనిషిని అడిగితే చెడేదేముంది? పాపం, ఆమె మనసులో ఏమీ లేదు. అంకప్పకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

ఆయుధపూజలో తన సామాను పెట్టడం కూడా మానేశాడు. “పని చెయ్యని పనిముట్టుకు పూజేంది?” అంటూ తాపీ, రసమట్టం, తూకుగుండు పెట్టెలోనే ఉంచి మంచం కిందికి తోసేశాడు. ఆనాటినుంచి పూజలో కుప్పమ్మ తట్టా, పారా తప్ప ఇంకేమీ కూర్చోలేదు.

వీళ్ళ కూతురు గాయత్రి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, తొరపాడిలో టీవీలు బాగుచేసే కొట్టులో పనికి కుదిరింది. వీధికొక ఎస్టీడీ బూతు, మిద్దెమిద్దెకూ కేబుల్ వైరు వచ్చి పడుతున్న రోజులవి. కొట్టులో పని తెమిలేది కాదు. అయినా పిల్ల సాయంత్రం ఇల్లు చేరి ఒక పచ్చటి పలకమీద నల్లటి చిప్పులు గుచ్చుతూ, సీసం కరిగించి అతికిస్తూ ఏదో కట్టేది. అడిగితే “కంప్యూటర్ నాయనా, చిన్నది” అంది. కంప్యూటరంటే బ్యాంకులో ఏసీ గదిలో దొరసానిలా కూర్చునేదని అంకప్ప విన్నాడు. దీనికి టీవీ లేదు, టైపు మిషను లేదు. కొన్ని మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు, అంతే.

గుడియాత్తంలో లుంగీలు నేయించే బాలచంద్రన్‌కు ఇలాంటిదొకటి కావాలి. మగ్గం ఎన్ని దెబ్బలు వేసిందో లెక్కబెట్టి, ఎంత గుడ్డ దిగిందో ఇది చెబుతుంది. “విజయదశమినాడు తీసుకొచ్చి చూపించమ్మా, మంచిరోజు” అన్నాడాయన. నడిస్తే మగ్గానికొకటి చొప్పున కట్టే పని గాయత్రిదే. నడవకపోతే మద్రాసు కంపెనీ మనిషొకడు కాచుకునే ఉన్నాడు.

కట్టడమైతే కట్టింది గానీ, కట్టినదానికి ఇల్లు లేకపోయింది. అట్ట డబ్బాలో ఉంచితే ఎలుకలు వైర్లు కొరికాయి. ఒకనాడు అంకప్ప మంచం కింది పెట్టెను లాగి, సామానంతా సిమెంటు గోతంలోకి ఒంపి, ఖాళీ పెట్టెను కూతురి ముందుకు జరిపాడు. వాళ్ళ నాయన వేపచెక్కతో చేయించి, ఇత్తడి బందులు వేయించిన పెట్టె అది.

“దీంట్లో పెట్టుకో పాపా. నాకింక దీంతో పనేముండాది.”

గాయత్రి మూతకు చిన్న కిటికీ కోసి, అందులోంచి ఎర్ర అంకెలు కనబడేలా చేసింది. రసమట్టం పడుకునే గాడిలో పచ్చ పలక కొలిచి చేసినట్టు అమరింది.

విజయదశమికి ముందురోజు, ఆయుధపూజనాడు పొద్దున గాయత్రి కొట్టులో పూజకని వెళ్ళింది. కుప్పమ్మ తట్టా, పారా తోమి బోర్లించి వంటలో పడింది. అంకప్ప చూపు అలమరలోని పెట్టె మీద పడింది. ఇది ఇప్పుడు పనిచేస్తున్న పెట్టె. పనిచేసేదాన్ని పూజలో కూర్చోబెట్టకపోతే తప్పు. కూర్చోబెట్టాలంటే కడగాలి. వాళ్ళ ఇంట్లో కడగకుండా ఏ పనిముట్టూ బొట్టు పెట్టించుకోలేదు.

చింతపండు వేసి బందులు తోమాడు. మూత తీస్తే మూలల్లో పాత సున్నం దుమ్ము ఇంకా ఉంది. కరెంటుకూ నీళ్ళకూ పొసగదని తెలియనివాడు కాదు. కానీ వైరు పీకే ఉంది కదా! కొత్త గోడలకు నీళ్ళు పట్టేటప్పుడు గోడలోని స్విచ్చి పెట్టెలు ఎన్నిసార్లు తడవలేదు, తర్వాత లైట్లు వెలగలేదా? పైగా, కట్టినదేదైనా నీళ్ళు తాగితేనే గట్టిపడుతుందని బతుకంతా నమ్మిన మనిషి. పసిబిడ్డ నెత్తిన పోసినట్టు చెంబెడు నీళ్ళు మెల్లగా పోశాడు. ఒంపేసి, ఎండలో పెట్టి, మూతకు గంధం, కుంకుమ అద్దాడు. చాన్నాళ్ళకు ఆయన నోట కూనిరాగం వచ్చింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన గాయత్రి, పెట్టె అంచునుంచి కారుతున్న చుక్కలు చూసి నిలబడిపోయింది.

“నాయనా, లోపల గూడా కడిగినావా?”

“కడగకుండా పూజకు ఎట్లా పెట్టేది పాపా?”

“ఇది తాపీ కాదు నాయనా!” ఆమె అక్కడే కూలబడింది. “రేపు ఆయనకు నేనేం చూపించేది?”

పరంజా మీదినుంచి పడిననాడు కూడా అంకప్పకు ఇంత నొప్పి తెలియలేదు.

నడుస్తుందో లేదో ఇప్పుడే తేల్చుకోవాలని గాయత్రి వైరు అందుకుంది. లోపల్నుంచి వచ్చిన కుప్పమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“బొట్టు పెట్టినాక రేపు పొద్దున దాకా ముట్టుకోగూడదు.”

“నీ తట్టా ఇదీ ఒకటేనా అమ్మా?”

“ఒకటే. ఏడాదంతా చాకిరీ చేసేదానికి ఒక దినం లీవు ఇయ్యొద్దా?”

తడిమీద కరెంటిస్తే మొత్తం మాడిపోతుందని గాయత్రికి తెలియనిది కాదు. ఆత్రం అలా చేయించింది. వైరు కింద పెట్టేసింది.

ఆ పూటంతా ఎండ జరిగినప్పుడల్లా అంకప్ప కాలీడ్చుకుంటూ వెళ్ళి పెట్టెను జరిపాడు. సాయంత్రం తట్టకూ పారకూ నడుమ దాన్ని కూర్చోబెట్టి హారతిచ్చారు. కుప్పమ్మ బొరుగులూ పుట్నాలూ పెడితే అంకప్ప పక్కన పెట్టేశాడు. “నా కాలు నీకే వదిలేసినా సామీ, అడగను. బిడ్డ కట్టినదాన్ని మాత్రం చెడగొట్టొద్దు” అని మొక్కుకున్నాడు.

తెల్లవారాక పూజలోని పనిముట్లను ఎత్తి, పేరుకైనా కొంచెం పని చెయ్యాలి. కుప్పమ్మ తట్టెడు ఇసుక ఎత్తి పోసింది. గాయత్రి పెట్టెను ముట్టకుండా తండ్రి వైపు చూసింది.

“నువ్వెత్తు నాయనా.”

“నా చెయ్యి వద్దు పాపా. నిన్న పెట్టిందే చాలు.”

“పెట్టె నీది. నువ్వెత్తితేనే నేను ముట్టేది.”

అంకప్ప పెట్టెను ఎత్తి స్టూలు మీద పెట్టాడు. గాయత్రి వైరు తగిలించింది. ఆయన స్విచ్చి వేశాడు. కిటికీ నల్లగానే ఉండిపోయింది. కుప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గాయత్రి వైరు పీకి, మూత తెరిచి, గుచ్చినచోట వదులైందేమోనని ఒక్కొక్క చిప్పునూ బొటనవేలితో గట్టిగా నొక్కింది. మళ్ళీ వైరు తగిలించి, “ఇప్పుడు వెయ్యి నాయనా” అంది.

ఎర్రగా సున్నా వెలిగింది. మగ్గం దెబ్బకు బదులుగా గాయత్రి మీట నొక్కింది. ఒకటి. మళ్ళీ నొక్కితే రెండు. అంకప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

“గుడియాత్తం బస్సుకు టయమయింది” అంటూ గాయత్రి పెట్టె ఎత్తబోయింది. అంతలోనే అంకప్ప తువ్వాలు చుట్టగా చుట్టి భుజాన వేసుకుని, దానిమీదికి పెట్టె ఎత్తుకున్నాడు.

“నువ్వు వైర్లు తీసుకో పాపా. ఇది బరువుండాది.”

అంత బరువేమీ లేదు. అయినా గాయత్రి వైర్లే తీసుకుంది.

అంకప్ప చెప్పులు తొడుక్కున్నాడు. వాకిట్లో ఉన్న కుప్పమ్మ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. భుజం మీది పెట్టెను చూసి ఠక్కున మూసుకుంది. గబగబా లోపలికి పోయి, మజ్జిగ చెంబు తెచ్చి మొగుడి చేతికిచ్చి, పక్కకు తప్పుకుంది.