గీతలు చెరిగిన వేళ్లు

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదాన్ని. పైన చిన్న గాజుపలక, దాని కింద ఎర్రటి వెలుగు. కర్మాగారంలో నన్ను బిగించిన అమ్మాయి తన బొటనవేలే పెట్టి చూసుకుని, సరేనని అట్టపెట్టెలో సర్దింది. అక్కణ్నుంచి సిక్కోలు జిల్లాలో జీడిపప్పు బట్టీలున్న ఊరికి, ఒక ఆసుపత్రి ఆరోగ్య బీమా కౌంటరు మీదికి వచ్చాను. కార్డున్న పేదల వేలు నాకు సరిపోలితే ఆపరేషను ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. అంత ఖజానాకు ఇంత గాజుముక్కను కాపలా పెట్టిన మనుషుల ధైర్యాన్ని మెచ్చుకున్నాను.

దాలమ్మ జీడిగింజలు కొట్టే మనిషి. భర్త కూర్మయ్యకు గుండెలో కవాటం చెడింది. కార్డు ఆమె పేరున ఉంది కాబట్టి వేలూ ఆమెదే కావాలి. జీడిగింజల జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. ఆమె వేళ్ల మీద గీతలు చాలావరకు చెరిగిపోయాయి. నాకు కనబడలేదు. కనబడలేదనే చెప్పాను.

"నలుపు పట్టేసిందమ్మా. శుభ్రంగా తోముకుని రేపు రా," అన్నాడు గుమాస్తా పురుషోత్తం.

ఆమె బూడిదతో, ఇటుకముక్కతో తోముకుంది. మిగిలిన ఒకటీ అరా గీతలూ పోయాయి. మర్నాడూ కనబడలేదనే అన్నాను.

వేలు కుదరకపోతే కంటిపాపను చూసే పరికరం వాడమని నిబంధన ఉంది. పరికరమూ ఉంది. పాడైతే జవాబు చెప్పుకోవాలని పురుషోత్తం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ వారంలోనే కూర్మయ్య పోయాడు.

నింద నా మీద వేశారు. నేను ఒప్పుకోను. గీతలు కనబడలేదన్నాను తప్ప, ఈమె దాలమ్మ కాదని అనలేదు. ఆ మాట మనుషులు చేర్చుకున్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు దాలమ్మ మళ్లీ వచ్చింది. పక్కన, కడుపులో గడ్డతో వంగిపోయిన తోటి కూలీ నీలవేణి. వెనక బట్టీ ఆడవాళ్లు. ఎవరూ చేతులు తోముకోలేదు.

"నీకింకా ఇక్కడ పనేంటమ్మా?" అన్నాడు పురుషోత్తం.

"మా ఇంటాయన పని అయిపోనాది బావూ. దీని పని ఉంది. కంటితో తియ్యి."

"పైవాళ్లు ఒప్పుకోవాలి."

"రేసను డిపోలో బియ్యానికి కన్ను సరిపోతంది. ఆపరేసనుకి సరిపోదేటి? సబ్బు కొంటే పన్ను, నూని కొంటే పన్ను. తీసుకున్నప్పుడు ఏలిముద్ర అడిగినారేటి? ఇచ్చినప్పుడే అనుమానమొచ్చిందా?"

"బావు నోట్లో జీడిపప్పున్నాదేటి, మాట రాట్లేదు," అంది వెనకనుంచి ఒకామె. అందరూ నవ్వారు. దాలమ్మ నవ్వలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

పురుషోత్తం బీరువా తెరిచాడు. రెప్పపాటులో నీలవేణి నీలవేణేనని తేలింది. ఆమెను లోపలికి తీసుకెళ్లాక దాలమ్మ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. ఎవరూ అడగకుండానే బొటనవేలు గట్టిగా నొక్కి వెళ్లిపోయింది.

ఇక కంటి పరికరమే చాలని ఆ సాయంత్రమే నన్ను తీగ చుట్టి పాత సామాన్ల మూలకు విసిరారు. విసరనీ. నా గాజు మీద నల్లటి మరక అలాగే ఉంది. అందులో ఒక్క గీతా లేదు. ఎవరిదని అడగండి, తడుముకోకుండా చెబుతాను.