కుడి అంచు

గద్వాల కోర్టులో నన్ను అనుమానాల వకీలమ్మ అనేవాళ్లు. నా ముందు కాదు, నేను వరండా దాటాక. అవతలి పార్టీని ఏ వకీలైనా అనుమానిస్తాడు, అందులో గొప్పేముంది? నేను మొదట నా పార్టీనే అనుమానిస్తాను. వకీలు దగ్గరా వైద్యుడి దగ్గరా అబద్ధం చెప్పకూడదని పెద్దలు ఊరికే అనలేదు. చెప్పేవాళ్లను చూసి చూసి విసిగిపోయి అని ఉంటారు.

1991 ఎండాకాలంలో కిష్టమ్మ నా దగ్గరికి వచ్చింది. బిజినేపల్లి పక్క పల్లె, కూలి బతుకు. కూతురూ అల్లుడూ పోయారు. వాళ్ల బిడ్డ జమ్ములమ్మకు ఎనిమిదేళ్లు, అందరూ జమ్ములు అంటారు. పిల్ల గద్వాలలో పెదనాయన బుచ్చయ్య ఇంట్లో ఉంది. బుచ్చయ్య చీరలు నేస్తాడు.

"పిల్ల కాలికి తాడు గట్టి గుంజకు కట్టేస్తుండ్రు వకీలమ్మా. నా కండ్లతోని సూసిన. మడిమె మీద సుట్టూరా పుండు వడ్డది. పోలీసోళ్లకాడికి పోతె, ఇంటి సంగతి ఇంట్లనే మాట్లాడుకోమన్నరు. నా మనుమరాలిని నాకు ఇప్పియ్యి తల్లీ" అంది.

ఏడుస్తూనే ఉంది. కానీ నా కళ్లు ఆమె వెనక నిలబడ్డ మనిషి మీద ఉన్నాయి. కురుమయ్యట. కూలీలను కూడగట్టి దూరదేశం డ్యాం పనులకు తోలుకుపోయే మేస్త్రీ. మేస్త్రీ అనేవాడు పనిలేకుండా ఎవరి వెంటా కోర్టు మెట్లెక్కడు.

"ఈయనెందుకొచ్చాడు?" అన్నాను.

"మా ఊరాయన. తోడొచ్చిండు."

"పిల్లను తీసుకుపోయి ఏం చేస్తావు?"

"బడికి తోలుత" అంది కిష్టమ్మ. నా ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు. ఎనిమిదేళ్ల పిల్ల మట్టి తట్ట మోయగలదు. ఆ ముక్క మనసులో ముడేసుకునే, పిల్లను అవ్వకు అప్పగించమని కేసు వేశాను. పుండు అబద్ధం కాదు గనక వేశాను.

బుచ్చయ్య తరఫు వకీలు పేరు పెద్దన్న. నాకంటే సీనియర్, నవ్వుతూ మాట్లాడతాడు, ఆ నవ్వును నేనెప్పుడూ నమ్మలేదు. ఆయన జవాబు సిద్ధంగానే ఉంది. మగ్గం ఇళ్లలో పిల్లల్ని కట్టేయడం మామూలేనట.

చిక్కేమిటంటే, అది నిజం. నేసేవాళ్లు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటారు. తల్లి మగ్గం మీద ఉన్నప్పుడు పాకే బిడ్డ వచ్చి ఆ గుంతలో పడకుండా, మెత్తటి పాత గుడ్డ నడుముకు చుట్టి గుంజకు కడతారు. ఆ ఇళ్లల్లో నేను భోజనాలు చేశాను, కట్టి ఉన్న బిడ్డలకు అన్నం ముద్దలూ పెట్టాను. ఇరుగుపొరుగు ఇద్దరు వచ్చి ఆ మాటే చెప్పారు. వాళ్లది అబద్ధపు సాక్ష్యం కాదు. జడ్జిగారిది మా ప్రాంతం కాదు, ఆయన తల ఊపుతూ రాసుకున్నారు.

"ఎనిమిదేళ్ల పిల్ల పాకుతుందా?" అని లేచాను.

"పిల్లకు మూర్ఛలు" అన్నాడు పెద్దన్న, మెత్తగా. "మగ్గం దరిదాపులకు రానివ్వరు. గుంతలో పడి చావకూడదని దూరంగా కట్టి పెడతారు. ప్రేమ సార్ అది."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. మూర్ఛలకు ఏ దవాఖానలో చూపించారని అడిగాను. నాటుమందు అన్నారు. దానికిక కాగితం ఉండదు, కాదనడానికీ వీల్లేదు.

జడ్జిగారు పిల్లను తన గదిలోకి పిలిచి, బిస్కెట్ ఇచ్చి, మెల్లగా అడిగారు. బయటికి వచ్చి చెప్పారు: "పెదనాయన మంచిగ సూస్తడు, నాకు మూర్ఛలొస్తయి, నేను ఆడనే ఉంట అంటోందమ్మా. నేను తిప్పి తిప్పి అడిగాను. ప్రతిసారీ అదే మాట."

ప్రతిసారీ అదే మాట, అదే వరుసలో! ఎక్కం అప్పజెప్పినట్టు! నా అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నేర్పిన మాట అని నాకు తెలియడం వేరు, కోర్టులో చూపించడం వేరు. ఈ కేసు పోతే పిల్ల మళ్లీ ఆ గుంజ దగ్గరికే పోతుంది.

బుచ్చయ్యను ప్రశ్నించే రోజు నేనొక గద్వాల చీర కట్టుకుని వెళ్లాను. ఒళ్లంతా తెల్లటి నూలు, అంచులు ఎర్ర పట్టు. బుచ్చయ్య ఎవరికి నేస్తాడో ఆ షావుకారు దుకాణంలో అడిగి మరీ తెచ్చుకున్నది. నల్లకోటు కింద కుచ్చిళ్లు బాగా కనపడేలా నిలబడ్డాను.

బుచ్చయ్య బోనులోకి వచ్చాడు. సన్నటి మనిషి, నున్నగా దువ్విన తల. చూస్తే చీమకు కూడా హాని చేయడనిపిస్తాడు. అలాంటివాళ్లంటేనే నాకు మరీ అనుమానం.

"మగ్గం మీద ఎవరెవరు కూర్చుంటారు?"

"నేను, మా ఆమె."

"జమ్ములు?"

"అది మగ్గం మొకమే సూడదు మేడం. దానికి బాగుండదు గద."

"ఈ చీర ఎవరు నేశారో చెప్పగలవా?"

వంగి చూడక్కర్లేకపోయింది. "నాదే" అన్నాడు. ముఖం వెలిగింది.

"గద్వాల చీరకు ఇద్దరు కావాలి కదా? ఒక అంచు పట్టు నీ చేతిలో ఉంటే, రెండో అంచు పట్టు పోగున్న నాడె విసరడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. అవునా?"

"అవును. ఎడమంచు నాది."

"కుడి అంచు?"

"మా ఆమెది."

అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. పెద్దన్న నా వాలకం చూసి నవ్వుకుంటున్నాడు, ఆడ వకీలుకు చీర గొడవ తప్ప ఏం తెలుసన్నట్టు. "నీ ఎడమంచు బాగుంది బుచ్చయ్యా. కుడి అంచు మాత్రం పాడు చేసింది మీ ఆవిడ. నూలూ పట్టూ కలిసిన చోట చూడు, వదులు. నేర్వని చెయ్యి. నాలుగు ఉతుకులకు విడిపోతుంది. షావుకారు నిన్ను మొహమాటానికి ఏమీ అనడు గానీ, ఇది రెండో రకం సరుకు."

ఆ అంచులో ఏ లోపమూ లేదు. నేను కావాలనే అన్నాను.

బుచ్చయ్య మెడ నరాలు ఉబ్బాయి. "ఏంది మేడం, ఏం మాట్లాడుతుండ్రు? ఏడుంది వదులు? గోరు వెట్టి గుంజుండ్రి, ఊడుతదేమో సూస్త!"

"మీ ఆవిడ చెయ్యి..."

"మా ఆమెకు పోయిన దసర కాడికెల్లి కండ్లే కనవడయి! గది జమ్ములు నేసిన అంచు! దాని యేలు సూసిండ్రా మీరు? పొద్దుగాల కూసుంటె దీపాలు వెట్టేదాక ఒక్క పోగు తప్పదు. నాకన్న దాని చెయ్యే సాఫు. గద్వాల మొత్తంల గసుంటి చెయ్యి లేదు!"

అన్నాక కూడా అతనికి అర్థం కాలేదు. ఇంకా నా చీర వైపే కోపంగా చూస్తున్నాడు. పెద్దన్న నవ్వు మాయమైంది. జడ్జిగారు కలం ఆపి, "మూర్ఛలు వచ్చే పిల్లను గుంత అంచున పొద్దంతా కూర్చోబెట్టావా?" అన్నారు. బుచ్చయ్య అప్పుడు నా చీర వదిలి పెద్దన్న వైపు చూశాడు.

"కట్టేసింది గుంతలో పడుతుందని కాదు, మగ్గం దగ్గరినుంచి లేచిపోతుందని" అన్నాను.

గెలిచానని సంబరంగా వెనక్కి తిరిగాను. గోడ పక్కన జమ్ములు నిలబడి ఉంది. ఇన్ని వాయిదాల్లో ఆ పిల్ల తలెత్తడం నేను చూడలేదు. ఇప్పుడు తలెత్తి, పెదనాయన వైపు చూసి నవ్వుతోంది. ఆయన తనను మెచ్చుకున్నాడు, అదీ అందరి ముందు. నా సంబరం అక్కడికక్కడే చచ్చిపోయింది.

పిల్లను అవ్వకు అప్పగిస్తూ జడ్జిగారు తీర్పు చెప్పారు. బడిలో వేయాలి, మూడు నెలలకోసారి కోర్టుకు తెచ్చి చూపించాలి. బుచ్చయ్య బయటికి పోతూ నా ముందు ఆగాడు. "సగం చీర మగ్గం మీదుంది మేడం. కుడంచు ఎవలు వట్టాలె?" అన్నాడు. కళ్లల్లో నీళ్లున్నాయి. నాకు జాలి కలగలేదు.

వరండాలో కురుమయ్య అప్పటికే తొందర పెడుతున్నాడు. "నడువు కిష్టమ్మా, లారీ కొత్తకోటల ఆగి ఉంటది."

"లారీ ఎందుకు? బిజినేపల్లికి బస్సు లేదా?" అన్నాను.

కిష్టమ్మ కళ్లు దించుకుంది. మనసులో వేసుకున్న ముడి విడిపోయింది.

"చెప్పు. డ్యాం పనికి ఎవరి పేరు ఇచ్చావు ఈయనకు?"

"ఇద్దరి పేర్లు" అంది మెల్లగా. "నాదీ, పిల్లదీ. కూలి లేకుంట ఏం దిని బతకాలె తల్లీ? ఆడ నా కండ్ల ముందలనే ఉంటది గద. ఎవలు కట్టెయ్యరు గద."

గుంజ నుంచి విడిపించి తట్ట కిందికి తోయడానికా ఈ కేసు నేను గెలిచింది! తీర్పు కాగితం పట్టుకుని మళ్లీ లోపలికి పోదామన్నంత కోపం వచ్చింది. అనకూడని మాటలు కూడా అన్నాను.

మా గొడవ తెమలదనుకుందో ఏమో, జమ్ములు వెళ్లి వరండా స్తంభం పక్కన కూర్చుంది. పావడా కాస్త పైకి లాక్కుంది. ఎడమ కాలు చాపి, మడమ స్తంభానికి ఆనించింది. పుండు మానిన చోట నల్లటి చార. అలా పెట్టి, అవ్వ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏంది బిడ్డా గట్ల కూసున్నవ్?" అంది కిష్టమ్మ.

"కట్టు అవ్వా. మీరు మాట్లాడుకునేదాక ఈడ్నే ఉంట."

కిష్టమ్మ పోయి నేలమీద చతికిలబడింది. ఆ కాలును స్తంభం మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని, నల్లటి చార మీద అరచేయి కప్పింది. తల తిప్పకుండానే అంది, "నువ్వు పో కురుమయ్యా."

"పేరు ఇచ్చినంక గిట్లంటె ఎట్ల? మేస్త్రీగా నా మాట..."

"పో అంటున్న గద! ఊర్లనే ఎవలకన్న కలుపు దీస్త. దీన్ని యాడికీ తోలియ్య."

కురుమయ్య గొణుక్కుంటూ మెట్లు దిగాడు. జమ్ములు అతను పోయిన వైపు చూసింది, స్తంభం చూసింది, అవ్వ ముఖం చూసింది.

"అయితె ఇంటికాడ దేనికి కడతవ్ అవ్వా?"

"దేనికీ కట్టను బిడ్డా."

పిల్ల నమ్మలేదు. ఆ చూపు నాకు తెలుసు, రోజూ నేను జనాన్ని చూసే చూపే అది. ఎనిమిదేళ్ల ముఖంలో దాన్ని చూడలేకపోయాను. ఎవరినీ నమ్మని నేను, ఈ ముసలమ్మ మాటైనా నిజం కావాలని, ఆ పిల్ల దాన్ని నమ్మాలని అక్కడే నిలబడి కోరుకున్నాను.

జమ్ములు మాత్రం చాపిన కాలు వెనక్కి తీసుకోలేదు.