మొరిగే పూస

మామ్లే ముసలమ్మకు మనుషుల మాటలు వినపడవు. పక్కన పిడుగు పడ్డా "ఎవరో తలుపు తట్టినట్టుందే, చూడండర్రా" అంటుంది. కానీ మెడలో కుక్కపూస మొరిగితే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా దిగ్గున లేచి కూర్చుంటుంది. కీడు ఏదైనా గుమ్మం దాకా వస్తే ఆ పూస గుర్రుమంటుందట. క్రోబో కొండ కింద ఆ ఇంట్లో ఈ సంగతిని ఎవరూ కాదనరు. కాదన్నా ఆవిడకు వినపడి చస్తేగా!

పావురం గుడ్డంత గాజుపూస అది. పండిన మామిడిపండు రంగు, మీద ఎర్రగీత, నల్లగీత. దాని ముందు బంగారం వాళ్ళకు లెక్కలోది కాదు. బంగారందేముంది, తవ్వుకుంటే దొరుకుతుంది. ఈడేరిన పిల్లలకు ఒంటినిండా పూసలు కట్టి పెద్దవాళ్ళను చేసే పండుగ రోజున, ఇంటి అమ్మమ్మ ఈ పూసను చెవి దగ్గర పెట్టుకుని విని, "ఊఁ, ఉంది" అని మనవరాలి మెడకు కట్టాలి. ఆ మాట రాకపోతే పిల్ల బోసిమెడతో వెళ్ళాల్సిందే. ఈసారి వంతు డేడేది. డేడే తల్లి, అంటే ముసలమ్మ కూతురు కోర్లెకీ మాత్రం, తన మెడలో కట్టిన నాడు కూడా, ఆ పూస మొరగడం ఎన్నడూ వినలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పండుగ దగ్గరపడిందని కోర్లెకీ పూసలన్నీ ముందేసుకుని కడగడానికి కూర్చుంది. ఒంటికి పూసుకునే షియాగింజల వెన్న జిడ్డు, ఏళ్ళ తరబడి పట్టినది, చన్నీళ్ళకు లొంగదు. వేడినీళ్ళలో నానేసి సన్న ఇసుకతో రుద్దింది. రుద్ది రుద్ది, ఆ వేడి మీదనే కుక్కపూసను తీసి చల్లటి కుండలో ముంచింది.

టక్‌మంది.

అంతే. ఆ పూస నోట ఆమె విన్న మొదటి మాట అదే. నీళ్ళలోంచి తీసేసరికి చేతిలో ముక్కలు. పైన పసుపు పెచ్చు, లోపల బొగ్గులాంటి నల్లటి గుండె. గాజును వేడి నుంచి చలికి తొయ్యకూడదని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

"ఏమే, నా కుక్క ఏదీ?" అని గదిలోంచి ముసలమ్మ కేక.

"కడుగుతున్నానమ్మా!" అని కోర్లెకీ అరిచింది.

"ఆఁ? ఎవరు తుమ్మారు?"

ముక్కలన్నీ కొంగున కట్టుకుని కోర్లెకీ పెదనాన్న కొడుకు నార్టే దగ్గరికి పరుగెత్తింది. నార్టే పూసలు పోసేవాడు. ఇంటివెనక మామిడిచెట్ల కింద వాడి బట్టీ, పుట్టమన్నుతో మెత్తినది, చుట్టూ సీసాపెంకుల గుట్టలు. వాడు ముక్కలను ఒక్కొక్కటే ఎండలో తిప్పి చూసి, రాతి మీద వరసగా పేర్చాడు.

"రెండే దార్లు చెల్లీ," అన్నాడు చివరికి. "ముక్కలు అచ్చులో పేర్చి మధ్యమధ్య పొడి పోసి అతికిస్తా. అతుకు అతుకే, మీ అమ్మ వేలు పెట్టగానే దొరికిపోతావు. లేదంటే దంచి, పొడి చేసి, కొత్తగా పోద్దాం. అప్పుడు..."

"అప్పుడు?"

"పూస వస్తుంది. అదే పూసో కాదో నన్నడక్కు. నేను పోసేవాణ్ణి, పూజారిని కాదు."

"దంచన్నా."

"ఏడవకుండా చెప్పు."

"ఏడుస్తూనే చెప్తా. దంచు!"

రోకలి మాత్రం ఆమె చేతికే ఇచ్చాడు. పసుపు వేరు, నలుపు వేరు. కలిస్తే బురదరంగు వస్తుందట. ఇనప రోట్లో మొదటి దెబ్బ వెయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. తల్లి మెడ, ఆ తల్లి తల్లి మెడ, వాళ్ళ చెమట అంతా ఆ ముక్కల్లోనే ఉందనిపించింది. కళ్ళు మూసుకుని దంచింది. పల్చటి గుడ్డలోంచి జల్లిస్తే పసుపుపొడి గాలిలోకి లేచి, ఎండపొడలో కాసేపు నిలబడి, మెల్లగా ఆమె ముంజేతుల మీద వాలింది. దులుపుకోవడానికి మనసొప్పలేదు.

నల్లపొడి చాల్లేదు. "లోపలిది ఎవడు చూస్తాడు? ఏ సీసాపెంకో కలిపేస్తా," అన్నాడు నార్టే.

"ఏ సీసా పడితే ఆ సీసా కాదు," అంది కోర్లెకీ. ఇంటికి వెళ్ళి, పోయిన పెద్దల పేరు చెప్పి నేల మీద సారా పోసే ఆకుపచ్చ సీసా తెచ్చింది. అడుగున ఇంకా కాస్త మిగిలే ఉంది.

నార్టే దాన్ని ఎండకేసి చూశాడు. "పెద్దవాళ్ళకు పోసింది పోగా..."

"తాగు, తాగి ఏడు! తొందరగా కానీ."

వాడు తాగి, సీసా పగలగొట్టాడు. మట్టి అచ్చు లోపల తెల్లసుద్ద పూశాడు, గాజు అంటుకోకుండా. నడుమ కర్రపెండలం ఆకుకాడ ముక్క నిలబెట్టి చుట్టూ నల్లపొడి నింపాడు. కాడ మంటలో కాలిపోతుంది. అది ఉన్న చోటే బెజ్జం అవుతుంది. ముందు నల్లగుండె కాలాలి. ఆ తర్వాత దాన్ని పెద్ద అచ్చులో దించి, బెజ్జంలో కొత్త కాడ గుచ్చి, చుట్టూ పసుపు కూరి, గీతలు తీర్చి, మళ్ళీ కాల్చాలి. బట్టీలో పామాయిల్ గింజల చిప్పలు ఎర్రగా కణకణలాడుతున్నాయి.

రెండోసారి అచ్చు బయటికి తీసి బూడిదలో పెట్టాక నార్టే వేలు చూపించి బెదిరించాడు. "తనంతట తను చల్లారాలి. ముట్టుకున్నావో, ఈసారి దంచడానికి నిన్నే రోట్లో వేస్తా."

కోర్లెకీ చెట్టుకు ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నపు వేడి, బట్టీ వేడి కలిసి గాలి నీళ్ళలా కదులుతోంది. అందులోంచి ఆడవాళ్ళు నడిచి వస్తున్నారు. ముందు అమ్మ, పడుచుపిల్లగా. వెనక అమ్మమ్మ. ఆ వెనక ముఖాలు తెలియనివాళ్ళు, కొండ మలుపు దాకా. అందరి మెడలూ బోసిగా ఉన్నాయి. అందరి దోసిళ్ళలోనూ పసుపుపొడి. చివరనున్నావిడ ముందున్నావిడ దోసిట్లో పోస్తోంది, ఆవిడ తన ముందున్నావిడ దోసిట్లో. ఎవరూ తొందరపడటం లేదు. పొడి ఒలుకుతుంటే నవ్వుకుంటున్నారు. అమ్మ దగ్గరికి వచ్చి దోసిలి వంచబోయింది. కోర్లెకీ చేతులు చాపబోయింది గాని, అవి పసిపిల్ల చేతులంత ఉన్నాయి.

"లే చెల్లీ, చల్లారింది," అని నార్టే భుజం తట్టాడు.

పూస వచ్చింది. రాతి మీద నీళ్ళూ ఇసుకా వేసి అరగదీస్తే మెరిసింది కూడా. అదే పసుపు, అవే గీతలు. నార్టే మీసం దువ్వుకుంటూ, "మీ అమ్మ కాదు, ఆ పూసే వచ్చి చూసుకున్నా తననే అనుకుంటుంది," అన్నాడు. కోర్లెకీకి నవ్వు రాలేదు.

పండుగ పొద్దున వాకిలి నిండా చుట్టాలు. డేడే తల గొరిగించుకుని, నడుముకు పూసల దండలు కట్టుకుని అమ్మమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇక్కడి నుంచి పిల్లలను పండుగ ఇంటికి తీసుకుపోతారు. అది అయ్యేదాకా తల్లి ముఖం చూడకూడదు. కోర్లెకీ పూసను ముసలమ్మ అరచేతిలో పెట్టింది.

మామ్లే దాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ముసలమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. చెవి మార్చింది. "ఊఁ" అనలేదు.

ఇక కోర్లెకీ వల్ల కాలేదు. వంగి తల్లి చెవిలో మెల్లగా చెప్పింది. "అమ్మా, అది పగిలిపోయింది."

"ఆఁ?"

"పగిలిపోయిందమ్మా."

"పందెం గెలిచిందా? ఎవరిది?"

చెవిటితల్లికి తప్పు గుట్టుగా చెప్పుకునే భాగ్యం ఎవరికుంటుంది? కోర్లెకీ నిటారుగా నిలబడి, ఊరు ఊరంతా వినేలా అరిచింది. "నీ పూసను నేను పగలగొట్టానమ్మా! వేడిది తీసి చన్నీళ్ళలో వేశాను! దంచి మళ్ళీ పోయించాను! ఇది అది కాదు!"

దూరంగా నార్టే తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

"అంత అరుపెందుకే, నాకేమన్నా చెవుడా?" అంది ముసలమ్మ. "ఇది అది కాదని తెలుస్తూనే ఉంది. అదైతే మొరిగేది. ఇది కుయ్‌కుయ్‌మంటోంది." మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖం మీద ముడతలన్నీ ఒక్కొక్కటే సడలాయి. "కూన. ఇంకా కళ్ళు కూడా తెరిచినట్టు లేదు. ఊఁ, ఉంది."

పూసను డేడే మెడకు చుట్టింది. ముడి వెయ్యడం ఆమె చేత కాకపోతే కోర్లెకీ కూర్చుని సాయం పట్టింది. ఆమె కన్నీళ్ళు కూతురి వీపు మీద పడుతుంటే డేడే కదలకుండా కూర్చుంది.

మామ్లే మనవరాలి గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "ఈ రాత్రి దీన్ని గుప్పిట్లో పెట్టుకుని పడుకోవే. తల్లిని విడిచి వచ్చిన మొదటి రాత్రి, ఏడుస్తుంది."

"అలాగే అమ్మమ్మా," అని డేడే గట్టిగా, ఆమెకు వినపడేలా చెప్పింది.