పాత ఫైళ్లు మార్చం

ఎనాముల్ చెయ్యి మొఖ్లేస్ చెంప మీద పడిన చప్పుడు హాలు ఆ చివరి దాకా వినబడింది. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"నీ చేతి పనేరా ఇది! చూడు, కళ్లు పెట్టుకుని చూడు!" మేనేజరు ఎనాముల్ కంప్యూటరు తెరను వేలితో పొడుస్తున్నాడు. తెర మీద ఎర్ర చొక్కా తొడుక్కున్న తెల్లమ్మాయి ఫోటో. ఆమె నీడ ఆమెను విడిచి ఎక్కడో గోడ పక్కన పడి ఉంది. ధర రాసిన అక్షరాలు చెదిరి ఆమె మొహం మీదికి ఎక్కాయి. చొక్కా అంచుల్లో అడుగున ఉన్న రంగు బయటపడుతోంది. "ఇది విదేశానికి పోవాలా? ఢాకాలో గాడిదలకి మౌసు ఇచ్చారనుకోరూ?"

మొఖ్లేస్ వంగి కింద పడ్డ కళ్లద్దాలు తీసుకున్నాడు. ఆ హాల్లో అందరికంటే పాత మనిషి. సగంమందికి పని నేర్పినవాడు.

"నేను చేసినప్పుడు బాగానే ఉంది సార్. అది సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో చేసిన ఫైలు. కొత్తదాంట్లో తెరిస్తే నీడకో పొర, అక్షరాలకో పొర, అన్నీ చెదిరిపోయాయి."

"నోర్ముయ్! సాఫ్ట్‌వేర్‌కి పోయాయా కళ్లు, నీకు పోయాయా?"

పక్క వరుసలో మొర్జినా తల వంచుకుంది. ఆ ఫైలు తెరిచింది ఆమె. మీర్‌పూర్‌లోని ఈ ఫోటోలు దిద్దే కంపెనీలో ఆమెను చేర్చుకున్నదే కొత్త వెర్షన్ పని వచ్చని. పొద్దున ఫైలు తెరవగానే తెర మీద ప్రశ్న వచ్చింది: పాత ఫైలు, కొత్త పద్ధతిలోకి మార్చాలా? అవునని నొక్కి సేవ్ చేసింది. అలా చెయ్యమన్నది ఎనాములే. ఇప్పుడది పాత మెషీన్లో కూడా తెరుచుకోదు.

యజమాని తొందర యజమానిది. విదేశీ దుకాణాల వాళ్లు ఏటా అడుగుతారు: అదే అమ్మాయి, అదే నిలబడే తీరు, చొక్కా రంగు మాత్రం మార్చమని. పొరలన్నీ విడివిడిగా ఉన్న పాత ఫైలు ఉంటే ఆ పని చిటికెలో అయిపోతుంది. లేదంటే మొదటినుంచీ చేయాలి. అందుకే, ఏళ్ల తరబడి పోగుపడ్డ ఫైళ్లన్నీ ఈద్ లోపల కొత్త వెర్షన్‌లోకి మార్చాలని హుకుం. పాతవాళ్లు కుర్రవాళ్ల పక్కన కూర్చుని, ఏ పొర దేనికో చెప్పాలి. చెప్పడం అయిపోయాక? దానికీ గోడ మీద నోటీసు అంటించారు. కొత్త వెర్షన్ రానివాళ్లు ఈద్ తర్వాత రానక్కర్లేదు.

అంటే తమ గొయ్యి తామే తవ్వుకోవాలి. పార ఎలా పట్టాలో కుర్రవాళ్లకి నేర్పాలి కూడా.

మధ్యాహ్నం టీ బడ్డీ దగ్గర కొట్టుకున్నంత పని జరిగింది.

"మీరు నేర్చుకోకపోతే మా తప్పా?" దులాల్ సమోసాలాంటి సింగారా నములుతూ అన్నాడు. కొత్తగా చేరినవాళ్లలో వాడిదే పెద్ద నోరు. "బండి కదిలిపోతోంది భాయ్. ఎక్కలేనివాళ్లు దిగాలి."

"నిన్నగాక మొన్న మౌసు పట్టినోడివి, నువ్వా దిగమనేది?" ఒక పాత పనివాడు వాడి కాలరు పట్టుకున్నాడు. "నీకు ఫోటోలో వెంట్రుకలు విడదీసి కత్తిరించడం నేర్పిందెవడ్రా? ఎనాముల్ వాళ్ల నాన్నా?"

"వదలండి వాణ్ణి," అంది మొర్జినా. ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. "ఆ ఫైలు పాడుచేసింది నేను. నేనే మార్చానని మేనేజరుకి తెలుసు. మరి నన్నెందుకు కొట్టలేదు?"

పాత పనివాడు కాలరు వదిలాడు. మొర్జినాయే జవాబు చెప్పింది.

"ఈద్ దాకా నాతో పనుంది కాబట్టి. దులాల్, వచ్చే ఏడు ఇంకో వెర్షన్ వస్తుంది. ఆ పై ఏడు ఇంకోటి. అప్పుడు నువ్వూ నేనూ పాతవాళ్లం. మన పక్కన ఎవణ్ణో కూర్చోబెట్టి, చెప్పు, చెప్పి పో అంటారు. అప్పుడు ఎక్కుతావా బండి?"

దులాల్ సింగారా ముక్క పారేశాడు. "అయితే ఏం చేద్దామంటావు మొర్జినా ఆపా? ఏడుద్దామా?"

"మార్చొద్దు," అన్నాడు మొఖ్లేస్. "తెరవగానే అది అడుగుతుంది కదా. వద్దనండి. అందరూ."

ఆ సంగతి తెలిసి మొర్జినా తల్లి సుఫియా ఇంట్లో అగ్గిమీద గుగ్గిలమైంది. ఆమె కంపెనీ ఎదురుగా ఉన్న బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది.

"పోవే, పో! నిన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికి నా వేళ్లు సూదికి అప్పజెప్పాను. ఎవడో ముసలాడి కోసం ఆ కుర్చీ తన్నేస్తావా?"

"ఆ ఎర్ర చొక్కా మీ ఫ్యాక్టరీదేనమ్మా. కుట్టింది మీరు, ఫోటో దిద్దింది ఆయన. మీ దగ్గర కొత్త మిషన్లు దింపినప్పుడు పాతవాళ్లనేం చేశారో నువ్వే కదా చెప్పావు?"

"నోరు మూసుకుని అన్నం తిను," అంది సుఫియా. తను మాత్రం తినలేదు.

మర్నాడు యజమాని స్వయంగా హాల్లోకి వచ్చి నిలబడ్డాడు. ప్రతి తెర మీదా అదే ప్రశ్న. ప్రతి చెయ్యీ ఒకే బటన్ నొక్కింది: వద్దు. ఫైళ్లు మూసుకున్నాయి. చేతులు ఒళ్లోకి వచ్చాయి.

"ఎవడు చెప్పాడ్రా మీకు?"

మొర్జినా లేచింది. "పాత మెషీన్లు కొన్ని పాత వెర్షన్‌తోనే ఉంచండి. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీల మీద మారుస్తాం. మా అన్నలకి కొత్తది మేమే నేర్పుతాం, పని వేళల్లోనే. ఒక్కరిని తీసేసినా ఒక్క ఫైలూ మారదు. ఎనాముల్ సారు మొఖ్లేస్ భాయ్‌కి ఇక్కడే, అందరి ముందూ, క్షమాపణ చెప్పాలి."

"కంప్యూటర్లు నావి. సాఫ్ట్‌వేర్ నాది. ఫైళ్లు నావి. మీదేముందిక్కడ?"

"నొక్కే వేలు," అన్నాడు దులాల్.

యజమాని పిలిపించగా పోలీసులు వచ్చారు. కంపెనీ ఫైళ్లు పాడుచేశాడని మొఖ్లేస్ చేతులు విరిచి పట్టుకున్నారు. "పాడుచేసింది నేను! నన్ను తీసుకెళ్లండి!" మొర్జినా అడ్డం పడింది. ఒక కానిస్టేబుల్ ఆమెను బల్ల మీదికి నెట్టేశాడు. మొఖ్లేస్ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "చేతులు ఒళ్లోనే ఉంచుకోండి," అన్నాడు.

ఆ మరుసటి రోజు యజమాని ఢాకాలోనే ఉత్తరా అనే పేట నుంచి వేరే కంపెనీ పనివాళ్లను మైక్రోబస్సులో తెప్పించాడు. గేటు ముందు మొర్జినా వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. వెనక లాఠీలతో పోలీసులు.

"మాకేం తెలుసు? పనుందన్నారు, వచ్చాం," అన్నాడు బస్సు దిగిన ఒకతను, చూపు తప్పించి.

"మీ కంపెనీలో కొత్త వెర్షన్ ఎప్పుడు?" మొర్జినా అడిగింది.

అతని వెనక నుంచి ఎవరో అన్నారు: "వచ్చే నెలట."

"అప్పుడు మీ గేటు దగ్గరికి బస్సులో ఎవరొస్తారో తెలుసా? మేమే. మమ్మల్నే తెస్తారు. రమ్మంటారా?"

ఎనాముల్ అరిచాడు. లాఠీలు లేచాయి. దులాల్ తల పగిలింది. కూర్చున్నవాళ్లు ఒకరినొకరు పట్టుకుని కదల్లేదు. అప్పుడే ఎదుటి ఫ్యాక్టరీ భోజనాలకి వదిలింది. ఓఢ్నీలు నడుముకి బిగించుకుని ఆడవాళ్లు రోడ్డు దాటి వచ్చారు. అందరికంటే ముందు సుఫియా.

"పక్కకి పోవే ముసల్దానా!" ఒక కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు.

"పోను. కొట్టరా. ఆ చొక్కాలు కుట్టింది మేం. ఫోటోలు దిద్దింది వీళ్లు. నువ్వేం చేశావు? కర్ర పట్టుకున్నావు. అంతేగా?"

కర్ర ఆమె భుజం మీద పడింది. మోకాళ్ల మీద కూలబడి, పక్కామె చెయ్యి పట్టుకుని మళ్లీ లేచి నిలబడింది.

మొర్జినాని, దులాల్‌ని ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. జాలీలోంచి ఆమె చూసింది. ఉత్తరా వాళ్లు ఒక్కొక్కరే మళ్లీ మైక్రోబస్సు ఎక్కుతున్నారు. మొదట దిగినతను డ్రైవరు భుజం తట్టి వెనక్కి తిప్పమన్నాడు. ఎనాముల్ బస్సు తలుపు గుద్దుతూ పరుగెత్తాడు. బస్సు ఆగలేదు.

బట్టల ఫ్యాక్టరీలో భోజనం అయిపోయిందని గంట మోగింది. రోడ్డు మీద ఒక్క ఆడమనిషీ కదల్లేదు. గంట మళ్లీ మోగింది. సుఫియా నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. ఆమె వెనక వరుసలు వరుసలుగా మిగతావాళ్లు కూర్చున్నారు.